నడి సముద్రంలో ఒక్కర్తె



ఒకసారి మా వారు క్యాంపుకు వెళ్లారు, పిల్లలు వాళ్ల అమ్మమ్మగారింటికి వెళ్లారు. మూడు రోజులు ఇంట్లో నేనొక్కదాన్నే. మొదటి రోజు కూరల బుట్ట ముందు కూర్చుని, ఏం వండుకోవాలో తోచక, పెరుగన్నంలో ఆవకాయ వేసుకుని వంటింట్లో నిలబడే తినేశాను. వంట రాక కాదండీ! ఆయనకేది ఇష్టమో, పెద్దవాడికేది గిట్టదో నిద్రలో అడిగినా చెప్పగలను. నాకేది ఇష్టమో మాత్రం గుర్తు రాలేదు. నవ్వొచ్చింది, ఆ తర్వాత కాస్త భయం కూడా వేసింది.

ఆ రోజుల్లోనే లిండా గ్రీన్‌లా అనే అమెరికా ఆవిడ కథ చదివాను. 1960లో పుట్టింది. మెయిన్ రాష్ట్రంలో పెరిగింది. పంతొమ్మిదో ఏట, కాలేజీ సెలవుల్లో ఒక చేపల పడవ ఎక్కింది. ఏ పనికనుకుంటున్నారు? వంటకి! అక్కడా వంటిల్లే చూడండి. వంటతో పాటు డెక్కు మీద పనీ చేసింది. డిగ్రీ చేతికొచ్చాక అందరిలా ఉద్యోగం వెతుక్కోకుండా మళ్లీ పడవే ఎక్కింది. కొన్నేళ్లకు తనే పడవ నడిపే మనిషయింది. మన విశాఖ, కాకినాడ రేవుల్లో సరంగు అంటారే, అది. ఎవరైనా ‘ఫిషర్‌వుమన్’ అంటే ఆవిడకి నచ్చదు, నేను ఫిషర్‌మన్‌నే అంటుంది. మన సరంగు మాటకి ఆ పేచీ లేదు!

ఆమె పడవ పేరు ‘హన్నా బోడెన్’, వంద అడుగుల పడవ. పట్టేది స్వోర్డ్‌ఫిష్, ముక్కు కత్తిలా పొడుగ్గా ఉండే పెద్ద చేప. దానికోసం తీరం నుంచి దాదాపు వెయ్యి మైళ్లు వెళ్లి, న్యూఫౌండ్‌లాండ్ దగ్గర గ్రాండ్ బ్యాంక్స్ అనే చోట వేట. ఒకసారి బయలుదేరితే నెల రోజులు. చీకటి పడే వేళకి నలభై మైళ్ల పొడుగు తాడు, దానికి సుమారు వెయ్యి గాలాలు, ఒక్కోదానికీ ఎర గుచ్చి సముద్రంలోకి వదలాలి. తెల్లవారగానే దాన్నంతా పైకి లాగాలి. మధ్యలో నిద్ర రెండు మూడు గంటలు దక్కితే అదృష్టం.

పడవలో ఇంకా ఐదుగురు మగవాళ్లున్నా చుక్కాని గది మాత్రం ఒంటరిది. ఉత్తరాన్నుంచి వచ్చే చల్లని ప్రవాహమూ, దక్షిణాన్నుంచి వచ్చే వెచ్చని ప్రవాహమూ ఆ ప్రాంతంలో కలుస్తాయి. ఆ రెండూ రాసుకునే అంచున చేప తిరుగుతుంది. ఈ రాత్రి ఆ అంచు ఎక్కడుంది, తాడు ఎటు వదలాలి అన్నది సరంగే తేల్చుకోవాలి. తప్పితే ఆరుగురి కష్టమూ నీళ్లపాలు. ‘మీ ఇష్టమండీ’ అని ఇంకొకరి మీద పెట్టడానికి అక్కడెవరూ లేరు. నేనైతే రోజుకి పదిసార్లు అంటానామాట.

అలాగని సముద్రాన్ని నెత్తిన పెట్టుకుని పొగడలేం. 1991 అక్టోబరులో పెద్ద తుఫాను వచ్చింది. ‘హన్నా బోడెన్’కి తోడబుట్టినదనదగ్గ పడవ ‘ఆండ్రియా గెయిల్’ ఆరుగురు మనుషులతో సహా మునిగిపోయింది. కొన్ని వస్తువులు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి గానీ పడవ దొరకనే లేదు. దాని సరంగుతో చివరి రోజుల్లో రేడియోలో మాట్లాడినవారిలో లిండా ఒకరు. ఆ తర్వాత కూడా ఆమె వేట మానలేదు. ఎలా వెళ్లగలిగిందో నాకిప్పటికీ అర్థం కాదు.

నా మూడు రోజుల సంగతి మధ్యలో వదిలేశాను కదూ. మూడో రోజు పొద్దున్న బజారుకెళ్లి పావుకిలో దొండకాయలు తెచ్చుకున్నాను. మా ఇంట్లో ఎవరూ ముట్టరని ఎన్నేళ్లుగానో కొనడం మానేశాను. వేపుడు చేసుకుని, కూర్చుని తిన్నాను.

మళ్లీ లిండా దగ్గరికి వద్దాం. నలభయ్యో పడికి దగ్గరవుతుండగా ఆమెకి ఇల్లు, భర్త, పిల్లలు కావాలనిపించింది. చిన్నప్పటి వేసవులు గడిపిన ఐల్ ఆ హో అనే దీవికి తిరిగి వచ్చేసింది. సగానికి పైగా అడవి. ఆమె రాసిన రోజుల్లో ఏడాది పొడుగునా ఉండేవాళ్లు నలభై ఏడుగురే, అందులో సగంమంది చుట్టాలు! అక్కడ తండ్రిని తోడు పెట్టుకుని లాబ్‌స్టర్లు, అంటే డెక్కలున్న పెద్ద రొయ్యల్లాంటివి, పట్టడం మొదలుపెట్టింది. ఆ రాష్ట్రంలో ఒక మంచి పద్ధతుంది. గుడ్లతో ఉన్న ఆడ లాబ్‌స్టర్ దొరికితే తోక మీద చిన్న గంటు పెట్టి మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. ఆ తర్వాత గుడ్లు లేనప్పుడు ఇంకొకరి బోనులో పడినా, ఆ గంటు చూసి వాళ్లూ వదిలేయాల్సిందే. ఇది చదివి పుట్టింటికి వచ్చినంత హాయిగా అనిపించింది నాకు.

కోరుకున్న పెళ్లీ పిల్లలూ వెంటనే రాలేదు. పుస్తకాలు రాసింది, 2005లో తల్లితో కలిసి వంటల పుస్తకం కూడా వేసింది. నలభై దాటాక, ఆ దీవిలోనే ఆదరువు అవసరమైన ఒక పదిహేనేళ్ల పిల్లకి చట్టప్రకారం సంరక్షకురాలైంది. 2013లో ఆ సంగతంతా పుస్తకంగా రాస్తూ తనను తాను అనుకోకుండా తల్లినైనదాన్నని చెప్పుకుంది. తుఫానుల్లో పడవ నడిపిన మనిషి, ఎదిగిన ఆడపిల్లకి తల్లిగా ఎలా ఉండాలో తెలియక తడబడ్డానని ఒప్పుకుంటుంది. ఆ తడబాటు మాత్రం మనందరికీ బాగా తెలిసిందే కదండీ.