బాగానే ఉన్నాను నాన్నా

కొంపల్లిలో ఒక అపార్ట్‌మెంట్. రాత్రి తొమ్మిదింటికి అమెరికా నుంచి కొడుకు వీడియో కాల్ చేసి "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అంటాడు. ఆమె ఒక చేత్తో మోకాలు ఒత్తుకుంటూనే "బాగానే ఉన్నాను నాన్నా" అంటుంది. ఫోన్‌లో మోకాలు కనిపించదు.

ఈ 'బాగానే' అనే మాట ప్రాంతానికో రకంగా పలుకుతుంది. 2002లో ఆర్థికవేత్త అమర్త్యసేన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీని గురించే రాశారు. బీహార్‌తో పోలిస్తే కేరళలో ఆయుష్షు చాలా ఎక్కువ. అయినా జబ్బుందని ఎక్కువగా చెప్పింది కేరళవాళ్లే. అమెరికన్లు వాళ్లనూ మించిపోయారు! చదువూ ఆసుపత్రీ అందుబాటులో ఉన్నవాళ్లకి తమ బాధ పేరు తెలుస్తుంది. బీపీ ఎప్పుడూ చూపించుకోనివాళ్లు తమకు బీపీ లేదనే అనుకుంటారు. జపాన్ కథ వేరు. అమెరికన్లకన్నా ఎక్కువకాలం బతికే జపనీయుల్లో 'నా ఆరోగ్యం బాగుంది' అనేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

అందుకే పరిశోధకులు ఒక ఉపాయం కనిపెట్టారు. మోకాళ్ల నొప్పితో నడిచే ఒక కల్పిత మనిషి గురించి చెప్పి, ఆ నొప్పి ఏపాటిదో అందరినీ అడుగుతారు. ఆ జవాబుతో ఎవరి కొలబద్ద ఎలాంటిదో తెలుస్తుంది. మన దేశంలో 2017-18లో 45 ఏళ్లు దాటినవాళ్లూ వాళ్ల జీవిత భాగస్వాములూ కలిపి 72 వేలమందికి పైగా పాల్గొన్న 'లాసీ' సర్వే కూడా మాట మీదే ఆగిపోలేదు. బీపీ చూసింది, చేతి పట్టు కొలిచింది, నడిపించి చూసింది.

దూరాన ఉన్న పిల్లలూ, ఈసారి ఫోన్‌లో ఇలా అడగండి: "మెట్లు ఎక్కగలుగుతున్నావా అమ్మా? బీపీ ఎప్పుడు చూపించుకున్నావు?"