తాత్కాలికం అంటే ఎన్ని రోజులు?

(నిజామాబాద్‌లో మన యువత ముందు మాట్లాడిన మాటలివి. రాలేకపోయిన వాళ్ల కోసం రాసి పెడుతున్న.)



మనం కలిసిన ప్రతిసారి భూమి గురించి, పోడు గురించి, పట్టాల గురించి మాట్లాడుకుంటం. ఈ రోజు నీళ్ల మీది దారి గురించి మాట్లాడుదామని వచ్చిన. నదిలో నీళ్ల కింద కేబుల్ వేసేటప్పుడు, పైపు దించేటప్పుడు, వంతెన పిల్లర్ లేపేటప్పుడు "పడవలు తాత్కాలికంగా బంద్" అని ఒక నోటీసు వస్తది. పట్నంలో ఉన్నోళ్లకు అది చిన్న విషయం. రోడ్డు లేని ఊరికి మాత్రం పడవే బస్సు, పడవే అంబులెన్సు, పడవే సంతకు దారి. ఆ కాగితం ఎట్ల రాయాలె, రాసే ముందు ఎవరిని అడగాలె అన్నదే నా మాట.

"నిజామాబాదోళ్లకు పడవల గొడవ ఏంది?" అని మీరు అనుకోవచ్చు. రెంజల్ మండలం కందకుర్తికి ఒకసారి పోయి చూడండి. గోదావరి, మంజీర, హరిద్ర అక్కడ కలుస్తయి. అక్కడి నుంచి నీళ్లు శ్రీరాంసాగర్‌కు పోతయి. బోధన్ చెరుకు పొలాల పక్క నుంచి పారే మంజీరను 2016 జాతీయ జలమార్గాల చట్టంలో చేర్చిండ్రు. అంటే ఢిల్లీ కాగితంలో మన మంజీర కూడా ఒక రహదారే. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నయి. పుష్కరాలంటే ఘాట్ల పనులు, లైట్లు, వైర్లు, బారికేడ్లు. నీళ్లలో పని అన్నంక నోటీసు కూడా వస్తది. అందుకే ఇప్పుడే మాట్లాడుకోవాలె.

ముందు ఒకటి తేల్చి చెప్త. నేను ఆంక్షలకు వ్యతిరేకం కాదు. నీళ్లలో పని జరిగేటప్పుడు పడవలను ఆపకపోతే ప్రాణాలు పోతయి. ఎట్లనో చూడండి.

కేబుల్ వేసే పంటు నది మధ్యలో నిలబడాలంటే నాలుగు దిక్కులా లంగర్లు వేస్తరు. ఆ లంగర్ల ఇనుప తాళ్లు నీటి పైకి కనపడవు, కొద్ది లోతులో ఏటవాలుగా ఉంటయి. మోటారు పడవ ఫ్యాను తాడుకు చుట్టుకుంటే ఇంజన్ ఆగిపోతది, ప్రవాహం పడవను పంటు కిందికి గుంజుతది. అడుగున ఈతగాడు పని చేస్తుంటే పైన వేగంగా పోయే పడవ రేపిన అల అతన్ని కొట్టేస్తది. పని అయిపోయినంక కూడా ప్రమాదం పోదు. కేబుల్ ఉన్న చోట పడవోడు లంగరు వేస్తే కేబుల్ తెగుతది, అది కరెంటు కేబుల్ అయితే మనిషికే ముప్పు.

సముద్రంలో దీనికి ప్రపంచమంతా ఒకే రూలు ఉన్నది. నీళ్ల కింద పని చేసే ఓడ, దారికి అడ్డం ఉన్న వైపు పగలు ఒకదాని కింద ఒకటి రెండు నల్ల బంతులు కడతది, రాత్రి రెండు ఎర్ర దీపాలు పెడతది. పోవడానికి వీలున్న వైపు పగలు రెండు డైమండ్ ఆకారాలు, రాత్రి రెండు పచ్చ దీపాలు. గమనించండి, ఆ రూలు "ఇటు రావద్దు" అని మాత్రమే చెప్పదు, "ఇటు పో" అని కూడా చెప్తది. మనకు వచ్చే నోటీసులల్ల ఈ రెండో సగం ఉండాలె. నా మాటంతా దాని చుట్టే తిరుగుతది.

కేబుల్ మనకు వద్దని కూడా నేను అనను. కరోనా టైంలో ఆన్‌లైన్ క్లాసుల కోసం మన పిల్లలు గుట్టలెక్కి, చెట్లెక్కి సిగ్నల్ వెతికిండ్రు. చెన్నై నుంచి అండమాన్ దీవులకు సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో మొదలుపెట్టిండ్రు. తెగితే ఏమైతదో కూడా లోకం చూసింది. 2022 అక్టోబర్‌లో స్కాట్లాండ్‌కు పైన ఉన్న షెట్లాండ్ దీవులల్ల కేబుల్ తెగి ఫోన్లు, ఇంటర్నెట్ పడిపోయినయి. చేపల పడవ వల్లే తెగిందని అనుమానించిండ్రు. అంటే కేబుల్‌కు పడవతో ముప్పు, పడవకు కేబుల్ పనితో ముప్పు. ఇద్దరికీ ఒప్పందం కావాలె.

ఇప్పుడు మన గోదావరి వెంట కిందికి పోదాం. కందకుర్తి దాటి, శ్రీరాంసాగర్ దాటి, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం దాటి పాపికొండలు, ఆ తర్వాత డెల్టా. నీళ్లు అవే, పడవలు ఎక్కే జనం వేరు.

డెల్టాలో, ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర 2018 జూలై 14న ఏం జరిగింది? బడి నుంచి ఇంటికి పోతున్న పిల్లలతో నిండిన నాటు పడవ, కడుతున్న వంతెన పిల్లర్‌కు తగిలి బోల్తా పడింది. బడి పిల్లలతో సహా ఏడుగురు గల్లంతయ్యిండ్రు. ఆ వంతెన కట్టేది ఎవరి కోసం? పడవ అవసరం లేకుండా దాటాలని, ఆ లంక ఊర్ల కోసమే. మేలు కోసం మొదలైన పనే నీళ్లలో అడ్డంగా నిలబడ్డది. పని నడిచే చోట పడవ ఎటు నుంచి పోవాలె, వరద రోజుల్లో ఎంతమంది ఎక్కాలె, ప్రవాహం పెరిగితే ఎవరు ఆపాలె అన్న మూడు ముక్కలు ముందే తేలి ఉండాల్సింది. వాళ్లు మన తెగలోళ్లు కారు. అయినా వాళ్ల బాధ మనకు అర్థమైతది, ఎందుకంటే పడవ ఎక్కకుండా బడికి పోలేని పిల్లలు మనకూ ఉన్నరు.

ఇంకా పైన పాపికొండల మధ్య కథ మీకు తెలుసు. 2018 మే నెలలోనే దేవీపట్నం మండలం మంటూరు దగ్గర, గాలివానలో లాంచీ మునిగి దాదాపు 20 మంది పోయిండ్రు. ఎక్కువ మంది గిరిజనులే. మరుసటి ఏడాది, 2019 సెప్టెంబర్ 15న, కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట అనే పర్యాటకుల బోటు వరదలో మునిగింది. 50 మందికి పైగా చనిపోయిండ్రు, 26 మంది బతికిండ్రు. వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఎవరు? చిన్న చిన్న పడవలేసుకొని వచ్చిన చుట్టుపక్కల గిరిజన పల్లెల వాళ్లు. 200 అడుగులకు పైగా లోతున్న నీళ్లలో ఇనుప తాళ్లు దించి ధర్మాడి సత్యం బృందం ఆ బోటును అక్టోబర్ 22న బయటకు తీసింది. 38 రోజులు పట్టింది.

ఆ ప్రమాదం తర్వాత పర్యాటక బోట్లు ఆపిండ్రు. ఆపడం న్యాయమే. తర్వాత సింగన్నపల్లి, గండి పోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం లాంటి చోట్ల కంట్రోల్ రూములు పెట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. అదీ మంచిదే. మళ్లీ పాపికొండల బోట్లు కదిలింది 2021 నవంబర్‌లో. రెండేళ్లు దాటింది. అందులో కరోనా కాలం ఉంది, వరదలు ఉన్నయి, అన్నీ ఒప్పుకుంట. కానీ పేరంటాలపల్లిలో వెదురు బొమ్మలు అమ్ముకునే కొండరెడ్డి అక్క ఆ రెండేళ్లు ఏం తిన్నదో అడిగిన కాగితం ఏది? మునిగినోళ్లను కాపాడిన ఊర్లే బంద్ బరువు మోసినయి. నా లెక్కల ఇది భద్రత గురించిన ప్రశ్నే, భద్రతకు ఎదురు ప్రశ్న కాదు. ఆంక్ష భారం పేదోడి మీదనే పడితే పేదోడు దాన్ని దొంగచాటుగా దాటుతడు. దొంగచాటుగా దాటే పడవకు లైఫ్ జాకెట్ ఉండదు, దీపం ఉండదు, చీకట్ల పోతది. అన్యాయమైన ఆంక్ష ప్రాణం కాపాడదు.

"తాత్కాలికం" అనే మాట బోధన్ వాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సిన పని లేదు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో 2015 డిసెంబర్‌లో లేఆఫ్ అని ప్రకటించిండ్రు. లేఆఫ్ అంటే అర్థం ఏంది? కొన్నాళ్లు ఆగండి, మళ్లీ పిలుస్తం అని. ఆ తర్వాత ఎన్ని చెరుకు పంటలు వచ్చిపోయినయో రైతులను అడగండి. ముగింపు తేదీ లేని తాత్కాలికం అంటే శాశ్వతమే. నది అయినా, ఫ్యాక్టరీ అయినా మాట ఒకటే.

మరి సరైన నోటీసు ఎట్లుంటది? దూరం పోవద్దు, మన పక్కనే ఉన్నది. నాందేడ్ జిల్లా బాబ్లీ ప్రాజెక్టు మీద సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం ఏటా జూలై 1న 14 గేట్లు ఎత్తాలె, అక్టోబర్ 28 దాకా ఎత్తే ఉంచాలె. మొదలు తెలుసు, ముగింపు తెలుసు. గేట్లు ఎత్తేటప్పుడు రెండు రాష్ట్రాల అధికారులు, కేంద్ర జల సంఘం అధికారులు అక్కడ ఉంటరు. కింద ఉన్న చేపలోళ్లు, గొర్లకాపరులు జాగ్రత్తగా ఉండాలని చెప్తరు. తీర్పు మీద ఎవరి వాదన వాళ్లకు ఉండొచ్చు. తేదీల మీద మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

రెండో ఉదాహరణ సముద్రం మీద ఉన్నది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట బంద్. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి డబ్బు ఇస్తది. 2019లో 10 వేలు చేసిండ్రు, 2025లో 20 వేలు ఇచ్చిండ్రు. అంటే "నీ పని ఆపుతున్నం కాబట్టి నీ పొయ్యి ఆరొద్దు" అనే సూత్రాన్ని ప్రభుత్వమే ఒప్పుకున్నది. సముద్రం మీద ఒప్పుకున్న సూత్రం నది మీద ఎందుకు వర్తించదు? ఇది అడుక్కునే మాట కాదు, ఉన్న పద్ధతిని మనకూ పెట్టమనే మాట.

మన మిత్రులు కొందరు అంటరు, "మూడు రోజుల బంద్‌కు ఇంత గొడవా?" అని. మూడు రోజులు ఎవరి లెక్కల? సంత వారానికి ఒక్కసారి. మూడు రోజుల బంద్ సంత రోజు మీద పడితే అది వారం బంద్. ఇప్పపువ్వు, చింతపండు, చీపుర్లు ఇంట్లనే ఉంటయి, ఉప్పు నూనె రావు. పరీక్ష రోజు మీద పడితే అది ఏడాది బంద్. నొప్పులు వచ్చిన రోజు మీద పడితే ఏమైతదో నేను చెప్పనక్కర లేదు. ఆశ అక్క దగ్గర ఏ గర్భిణికి ఏ తేదీ ఇచ్చిండ్రో లిస్టు ఉంటది. పని తేదీలు ఖరారు చేసే ముందు ఇంజనీరు ఆ లిస్టు ఒక్కసారి చూస్తే చాలు. దానికి ఖర్చు లేదు, పది నిమిషాల పని.

అందుకే నీళ్లల్ల ఏ పని వచ్చినా, ఏ నోటీసు వచ్చినా మీరు ఈ ఐదు అడగండి.

ఒకటి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? పొడిగించాలంటే మళ్లీ ఊర్లకు వచ్చి చెప్పాలె.

రెండు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? నది మొత్తం ఎందుకు మూయాలె? పని నడిచే మేర బోయలు కట్టి, రాత్రి దీపాలు పెట్టి, పక్క నుంచి దారి వదలొచ్చు.

మూడు, మాకు ఎట్ల చెప్పిండ్రు? ఆఫీసు గోడకు అంటిస్తే మాకు చెప్పినట్టు కాదు. రేవు దగ్గర బోర్డు ఉండాలె, సంతలో చాటింపు కావాలె, గోండి మాట్లాడే ఊర్లో గోండిలో, కోయ మాట్లాడే ఊర్లో కోయలో చెప్పాలె. చదువు రాని పడవోనికి బొమ్మ గీసి చూపాలె.

నాలుగు, అత్యవసరానికి దారేది? గర్భిణికి, పాము కరిచినోనికి, జ్వరం పిల్లకు పని ఆపి దాటించే పడవ ఒకటి, దాని నడిపేటోని ఫోన్ నంబర్ ఒకటి ఉండాలె. ఆ పడవ నడిపే పని ఆ నది తెలిసిన మన పడవోనికే ఇవ్వాలె. సుడి ఎక్కడుందో, ఇసుక తిన్నె ఎక్కడ లేచిందో అతనికి తెలిసినంత ఎవరికీ తెలవదు.

ఐదు, ఆగిన రోజుల కూలి ఎవరు కడతరు? పడవోనికి, చేపలోనికి, రేవులో చాయ్ అమ్మే అవ్వకు. పని అంచనా ఖర్చులో సిమెంటుకు, డీజిల్‌కు లెక్క ఉన్నప్పుడు దీనికీ ఒక లైను ఉండాలె.

అడిగే హక్కు ఎక్కడిది అంటే, అటవీ హక్కుల చట్టం 2006లో చేపలు, నీటి వనరుల ఉత్పత్తుల మీద సామూహిక హక్కు స్పష్టంగా రాసి ఉన్నది. ఐదో షెడ్యూల్ ప్రాంతాల్లో పెసా చట్టం 1996 ప్రకారం గ్రామసభ ఉన్నది. నిజామాబాద్ షెడ్యూల్ ప్రాంతం కాదు కాబట్టి ఇక్కడ పెసా వర్తించదు, ఆ సంగతి తెలిసే మాట్లాడండి. కానీ సమాచార హక్కు చట్టం 2005 అందరిదీ. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలె, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలె. పై ఐదు ప్రశ్నలే దరఖాస్తుగా రాయండి, తెల్ల కాగితం చాలు.

మన వైపు నుంచి చేయాల్సింది కూడా ఉన్నది. బోయ కట్టిన చోట వల వేయొద్దు. తీగ కోసం, ఇనుము కోసం కేబుల్ ముట్టుకోవద్దు. జాకెట్ లేకుండా పిల్లలను పడవ ఎక్కించొద్దు. సామర్థ్యానికి మించి ఎక్కిస్తే పడవోడు మనోడే అయినా దిగిపొమ్మనాలె. ఆంక్షను న్యాయంగా రాయమని అడిగేటోళ్లు, న్యాయంగా రాసినదాన్ని అందరికంటే ముందు పాటించాలె.

ఈ వారం ఒక్క పని చేయండి. మీ ఊరికి దగ్గర ఏ రేవు ఉన్నది, ఎన్ని పడవలు, ఎంతమంది రోజూ దాటుతరు, సంత ఏ రోజు, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం అని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు ఇంజనీరు మ్యాపు పట్టుకొని వచ్చినప్పుడు ఆయన మ్యాపులో నది ఉంటది, లోతు ఉంటది, కేబుల్ గీత ఉంటది. దాటే మనుషులు ఉండరు. ఆ కాగితం మనం ఇద్దాం.

జోహార్.