కుందేలు చూడి కట్టిందా? - తేదీ చెప్పేది, చేయి చెప్పేది

(గుండుగొలనులో జరిగిన పెన్షనర్ల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడేవారికి కొదవ లేదు. అందుచేత నాకిచ్చిన ఈ కొద్ది సమయాన్ని వేరొక విషయానికి వినియోగించుకోవడానికి అనుమతి కోరుతున్నాను. మనలో కొందరి ఇళ్ళలో, పెరట్లోనో మేడ మీదనో నాలుగైదు కుందేళ్ళు పెరుగుతున్నాయి. మనవలు ముచ్చటపడి తెచ్చినవి కొన్ని, పిల్లలను అమ్మితే చేతి ఖర్చుకు పనికొస్తుందని తెచ్చినవి కొన్ని. వారందరూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "జత కట్టించామండీ, ఇది చూడి కట్టిందో లేదో ఎలా తెలుస్తుంది?"

ప్రశ్న చిన్నదే. కానీ జవాబు తెలియకపోతే రెండు విధాల నష్టం. చూడి కుందేలును వట్టిదనుకుంటే, అది ఒక రాత్రి ఇనుప వల మీదనే ఈనేస్తుంది. తెల్లవారి చూసేసరికి పిల్లలు చలికి బిగుసుకుపోయి ఉంటాయి. ఇక వట్టి కుందేలును చూడిదనుకుంటే, నెలంతా మేపి, ఎదురుచూసి, చివరికి "గొడ్డుది" అని పేరు పెట్టి కోతకు అమ్మేస్తారు. రెండిటికీ మందు ఒకటే. తేదీ రాసుకోవడం, చేత్తో చూడడం.

ముందుగా ఒక సంగతి మనవి చేయాలి. మనం చిన్నప్పుడు పొలం గట్ల మీద చూసిన చెవులపిల్లి వేరు, ఈ పెంపుడు కుందేలు వేరు. చెవులపిల్లి పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. అందుకే వాటికి గూడు లేకపోయినా గడ్డి పొదలో బతుకుతాయి. పెంపుడు కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని, మన బొటనవేలంత ఎర్రని మాంసపు ముద్దల్లా పుడతాయి. కళ్ళు తెరవడానికి 10, 12 రోజులు పడుతుంది. ఈ రెండు జాతులకూ కలిసి సంతానం కలగదు. చెవులపిల్లిని పట్టడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. కాబట్టి ఆ పాత అనుభవంతో "అదే ఈనుకుంటుందిలే" అని ఊరుకుంటే కుదరదు. పెంపుడు కుందేలుకు వేళకు గూడు పెట్టె కావాలి. వేళ తెలియాలంటే చూడి తెలియాలి.

ఆవుకూ గేదెకూ ఎద సమయం ఉంటుంది, అరుపుతోనో తీగతోనో తెలుస్తుంది. కుందేలుకు అలా నిర్ణీతమైన ఎద రోజు లేదు. మగదానితో కలిసిన తరువాత సుమారు 10 గంటలకు గానీ దాని అండాలు విడుదల కావు. కలయికే అండాన్ని విడిపిస్తుందన్నమాట. ఈ ఒక్క గుణం మూలంగా కుందేలు జాతి మానవ వైద్య చరిత్రలోకి కూడా ఎక్కింది.

1931లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మారిస్ ఫ్రీడ్‌మన్, మాక్స్‌వెల్ లాఫమ్ అనే ఇద్దరు ఒక పరీక్ష ప్రకటించారు. గర్భం అనుమానం ఉన్న స్త్రీ మూత్రాన్ని, మగదానితో కలవని ఆడ కుందేలు చెవి నరంలోకి ఎక్కిస్తారు. రెండు రోజుల తరువాత ఆ కుందేలు అండాశయాలు చూస్తారు. అండాలు విడుదలైన గుర్తులు కనిపిస్తే ఆ స్త్రీ గర్భవతి. మగదాని జోలి లేకుండా కుందేలులో అండం విడుదల కాదు గనుక, ఆ పని చేసింది గర్భిణి మూత్రంలోని హార్మోనేనని తేలిపోయేది. "కుందేలు చచ్చింది" అంటే గర్భం వచ్చినట్టు అని ఆ దేశంలో ఒక మాట కూడా పుట్టింది. నిజానికి ఫలితం ఏదైనా ఆ కుందేలుకు చావే, అండాశయాలను కోసి చూసేవారు గనుక. 1960 తరువాత కొత్త రసాయన పరీక్షలు వచ్చి ఆ పద్ధతి పోయింది. మన ఆడపడుచుల కబురు చెప్పడానికి అన్ని కుందేళ్ళు ప్రాణాలిచ్చాయి. వాటి కబురు తెలుసుకోవడానికి మనం ఒక్క తేదీ రాసుకుని, రెండు నిమిషాలు ఓపిక పట్టలేమా?

ఇక పద్ధతి. మనం గుమాస్తాలం. తేదీ వేయని కాగితం చెల్లదని మనకు వేరే చెప్పక్కరలేదు. బోనుకు ఒక అట్టముక్క వేలాడదీయండి. ఏ ఆడదాన్ని ఏ మగదానితో ఏ రోజు కలిపారో రాయండి. ఎప్పుడూ ఆడదానినే మగదాని బోనులోకి తీసుకువెళ్ళాలి. ఆడదాని బోనులోకి మగదాన్ని తెస్తే అది తన ఇల్లనుకుని కరుస్తుంది. పని పూర్తి కాగానే వెనక్కి తెచ్చి, అట్ట మీద రాసేయాలి. ఉదాహరణకు జనవరి 1న జత కట్టించారనుకోండి. జనవరి 13న చేత్తో చూడాలి. అనుమానమైతే 15న మరొకసారి చూడాలి. 29న గూడు పెట్టె పెట్టాలి. ఫిబ్రవరి 1కి అటూ ఇటుగా ఈనుతుంది. కుందేలు చూడి కాలం 31 రోజులు, ఒకరోజు ముందూ వెనుకా.

12 నుంచి 14వ రోజు లోపలే ఎందుకంటే, అంతకు బాగా ముందు పిండాలు మరీ చిన్నవి, కొత్త చేతికి అందవు. ఆ తరువాత అవి పెరిగి మెత్తబడి పేగులలో కలిసిపోయినట్టుంటాయి, నొక్కితే దెబ్బ తగిలే ప్రమాదమూ ఎక్కువ.

బల్ల మీద గోనెసంచి పరచి, కుందేలు ముఖం మీ వైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఒక చేత్తో భుజాల మీది వదులు చర్మాన్ని పట్టుకుని నిమ్మళపరచండి. చెవులు పట్టి ఎత్తవద్దు. రెండో చేతిని పొట్ట కిందికి పోనిచ్చి, వెనుక కాళ్ళకు కాస్త ముందుగా, ఒక పక్క బొటనవేలు, రెండో పక్క తక్కిన వేళ్ళు ఉండేలా ఉంచండి. అది భయపడి పొట్ట బిగిస్తే ఆగండి. వదులు చేశాక వేళ్ళను మెల్లగా ముందుకూ వెనుకకూ జరపండి. చూడిదైతే గోళీకాయంత ఉబ్బులు, దండలో పూసల్లా వరుసగా, మెత్తగా, నున్నగా తగిలి వేళ్ళ మధ్య నుంచి జారిపోతాయి.

కొత్తవారిని మోసం చేసేవి పెంటికలు. అవి గుండ్రంగా, చిన్నవిగా, గట్టిగా ఉండి, వెన్నెముక వైపుగా తగులుతాయి. వెన్ను దగ్గర మూత్రపిండాలు కూడా చేతికి వస్తాయి. వాటిని నొక్కకూడదు. ఎక్కడా పిసకకూడదు. వెన్నముద్దలో ఉంగరం వెదుకుతున్నంత సుతారంగా ఉండాలి చేయి. ముందుగా వట్టిదని కచ్చితంగా తెలిసిన కుందేలును నాలుగుసార్లు చూసి చేతిని అలవాటు చేసుకోండి. వట్టి పొట్ట ఎలా ఉంటుందో తెలియనివారికి నిండు పొట్ట తెలియదు. చేతి మీద నమ్మకం లేకపోతే పశువుల డాక్టరుగారిని పక్కన ఉండి నేర్పమని అడగండి. మనకు దగ్గరలోనే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. స్కానింగు సౌకర్యం ఉన్నచోట ఇంకా ముందుగానే తెలుస్తుంది గానీ, నాలుగు కుందేళ్ళవారికి చేయే చవక.

చేతితో చూడకుండా తీర్పు చెప్పేవారు మూడు సాక్ష్యాలు చూపిస్తారు. పొట్ట పెరిగిందంటారు. మేత ఎక్కువైనా పెరుగుతుంది. మగదాన్ని దగ్గరకు రానివ్వలేదంటారు. వట్టిదీ ఒక్కొక్కసారి రానివ్వదు, చూడిదీ ఒక్కొక్కసారి రానిస్తుంది. బొచ్చు పీకి గూడు కడుతోందంటారు. ఇక్కడే పెద్ద చిక్కు. అండాలు విడుదలై, పిండం నిలవకపోతే కుందేలుకు ఉత్తుత్తి చూడి వస్తుంది. 16 నుంచి 18 రోజులకు బొచ్చు పీకి గడ్డి పోగు చేస్తుంది, అంతటితో అది తీరిపోతుంది. నిజం చూడిదైతే ఆ పని ఈనడానికి ఒకటి రెండు రోజుల ముందు, లేదా కొన్ని గంటల ముందు చేస్తుంది. అట్ట మీద తేదీ ఉంటే ఈ రెండింటికీ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. లేకపోతే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు వాదించుకోవలసిందే.

మా వీధిలో ఒకామె పెంచుతున్న తెల్ల కుందేలును జూన్ నెలలో మూడుసార్లు జత కట్టించారు. ఒక్కసారీ నిలవలేదు. "ఇది గొడ్డుదండీ బాబాయి గారూ, అమ్మేస్తామండి" అంది. "తొందరపడకమ్మా, మగదాని సంగతి చూశావా?" అన్నాను. రోహిణీ కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటాం. ఏలూరు ప్రాంతంలో 40 డిగ్రీలు దాటే ఆ ఎండకు, కొల్లేటి గాలి తేమ కూడా తోడైతే, మగ కుందేలు వీర్యం దెబ్బతింటుంది. చల్లబడిన తరువాత కూడా అది కోలుకోవడానికి నెలన్నర రెండు నెలలు పడుతుంది. చూడడానికి మగది హుషారుగానే ఉంటుంది, జత కూడుతుంది, ఫలితం ఉండదు. నింద మాత్రం ఆడదాని మీదికి వస్తుంది. ఆమె నా మాట విని ఆగింది. కార్తీకంలో అదే జంటను కలిపి, తేదీ రాసి, 12వ రోజున నా చేత చూపించింది. పూసల దండ చేతికి తగిలింది. 31వ రోజున ఆరు పిల్లలు పుట్టాయి.

ఈ సంగతి చెబుతుంటే నాకు మన ఇళ్ళే గుర్తుకొస్తాయి. పెళ్ళయి నాలుగేళ్ళు గడిస్తే చాలు, డాక్టరు దగ్గరకు మగవాడిని పంపకుండానే కోడలికి ఆ పేరు పెట్టిన రోజులు మన తరంవాళ్ళం చూశాం. విచారణ లేకుండా శిక్ష వేయడం న్యాయం కాదు. మనుషుల విషయంలో చూసిన ఆ అన్యాయం మూగజీవుల బోనులోనైనా జరగనివ్వకుండా ఉందాం.

చూడి అని తేలాక చేయవలసినవి కొద్దిగా మనవి చేస్తాను. నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. చివరి పది రోజులు మేత కాస్త పెంచాలి, కానీ అంతకు ముందు నుంచీ కొవ్వు పట్టేలా మేపకూడదు. బాగా బలిసిన చూడి కుందేలు చివరి రోజుల్లో మేత మానేస్తే ప్రాణానికే ముప్పు, వెంటనే డాక్టరుకు చూపించాలి. 28వ రోజున సుమారు 20 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు గల చెక్క పెట్టెలో పొడి వరిగడ్డి మెత్తగా నలిపి వేసి పెట్టాలి. కొబ్బరి పీచు పొడుగు పోగులు పిల్లల కాళ్ళకు చుట్టుకుంటాయి, వద్దు. 33 రోజులు దాటినా ఈనకపోతే సొంత వైద్యం చేయక డాక్టరును పిలవాలి.

ఈనిన తరువాత తల్లి పిల్లల దగ్గర కూర్చోలేదని కంగారు పడకండి. అది రోజుకు ఒక్కసారే, కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్ళిపోతుంది. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే పాలు అందినట్టే.

ఒక్కొక్కసారి చేతికి తగిలిన పిండాలు కూడా ఎండ దెబ్బకో, బెదురుకో తల్లి ఒంట్లోనే కరిగిపోతాయి. మరొకసారి వట్టిదని మనం తేల్చింది ఈనుతుంది. కాబట్టి నా సలహా ఏమిటంటే, చేయి "లేదు" అన్నా సరే, తేదీ ప్రకారం 28వ రోజున పెట్టె పెట్టండి. ఈనకపోతే ఒక గుప్పెడు గడ్డి నష్టం. పెట్టకపోతే ఆరు ప్రాణాలు నష్టం. మనం బతికే ఉన్నామని ఏటేటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నవాళ్ళం. అడిగి సంతకం పెట్టలేని ఆ జీవుల తరఫున ఆ అట్టముక్క మీద మనమే తేదీ వేద్దాం.