సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? టైమింగ్ బెల్ట్ బిల్లు అడిగారా?

ఈ ఎపిసోడ్ నా సొంత కారు గురించే. 2013 మోడల్ డీజిల్ డస్టర్. నాన్న పీఎఫ్ డబ్బుల్లోంచి ఇస్తే కొన్నా. అమ్మినాయన "బెల్ట్ మార్పించేశాం" అన్నాడు. నమ్మేశా.

చాంద్రాయణగుట్టలో ఆయిల్ మార్పించడానికి వెళ్తే మెకానిక్ భాయ్ ఒకటే అడిగాడు: "బిల్ హై క్యా?" లేదు. పై కవర్ విప్పి టార్చ్ వేశాడు. బెల్ట్ అంచున దారాలు లేచి ఉన్నాయి. ముందు రోజే అదే కారులో అమ్మను ఎయిర్‌పోర్టులో దింపొచ్చా!

ఈ బెల్ట్ క్రాంక్‌షాఫ్ట్‌ను, క్యామ్‌షాఫ్ట్‌ను కలుపుతుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు. బెల్ట్ తెగితే ఆ లెక్క తప్పుతుంది, ఇలాంటి ఇంజిన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి. ఇక హెడ్ విప్పాల్సిందే. కోడ్‌లో తప్పు జరిగితే పాత వెర్షన్ పెట్టేసుకుంటాం. ఇక్కడ ఆ ఛాన్స్ లేదు.

కొన్ని కార్లలో బెల్ట్ బదులు చైన్ ఉంటుంది, మీదాంట్లో ఏముందో ముందు కనుక్కోండి. బెల్టే అయితే, పైకి బాగుందని వదిలేయొద్దు. రబ్బరు ఏళ్లు గడిచినా పాడవుతుంది. మీటర్ వెనక్కి తిప్పేవాళ్లూ ఉంటారు. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు, ఏళ్లు, ఏది ముందొస్తే అప్పుడే మార్చాలి. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క.

టెన్షనర్ కూడా కొత్తదే వేయించండి. వాటర్ పంప్ ఆ బెల్ట్‌తోనే తిరిగితే అదీ మార్పించండి. బిగించాక క్రాంక్‌ను స్పానర్‌తో రెండు చుట్లు తిప్పించి, టైమింగ్ కలిసిందో లేదో చూపించమనండి. ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టాలి.

నా బిల్లు ఇప్పుడు డ్యాష్‌బోర్డ్‌లోనే ఉంది. రేపు ఈ కారు కొనేవాళ్లు అడక్కపోయినా చేతిలో పెడతా. మళ్లీ కలుద్దాం!