ఫ్లాట్ కొనే ముందు గోడ వెనక సంగతి అడగండి

నేను ఇంగ్లండులో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. పాత క్లాడింగ్ విప్పి కొత్తది బిగించే పని మాది. "అన్నా, ఫ్లాట్ ఒకటి చూశాం, తీసుకోమంటావా?" అని మనవాళ్ళు తరచుగా అడుగుతుంటారు. ఈరోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

క్లాడింగ్ అంటే బిల్డింగుకి బయట తొడిగే చొక్కా లాంటిది. చూడ్డానికి మెటల్‌లాగే ఉంటుంది. కానీ ఏసీఎం అనే రకంలో రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య చాలాచోట్ల పాలిథిలీన్, అంటే ప్లాస్టిక్, వాడేశారు. 2017 జూన్ 14న లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో, నాలుగో అంతస్తులో ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట ఆ ప్యానెళ్ళు పట్టుకుని పైదాకా పాకింది. 72 మంది చనిపోయారు.

ప్యానెల్‌తోనే అయిపోదు. గోడకీ ప్యానెల్‌కీ మధ్య ఉన్న ఖాళీలో మంట ఎగబాకకుండా కేవిటీ బారియర్లు పెట్టాలి. కొన్ని బిల్డింగుల్లో విప్పి చూస్తే అవి ఉండవు, ఉన్నా సందులుంటాయి. కొనేవాడికి ఇదేదీ బయటికి కనపడదు.

మరి మార్చే ఖర్చు ఎవరిది? మన దగ్గర ఫ్లాట్ కొంటే స్థలంలో కొంత వాటా మన పేరున రిజిస్టర్ అవుతుంది. ఇంగ్లండులో ఫ్లాట్ అంటే చాలావరకు లీజే. బయటి గోడ మీది కాదు, కానీ రిపేరు ఖర్చు మాత్రం సర్వీస్ ఛార్జీ పేరుతో మీ మీదకొస్తుంది. గ్రెన్‌ఫెల్ తర్వాత ఎంతోమందికి వేల పౌండ్ల బిల్లులు అలాగే వచ్చాయి. మంట లేస్తే లేపడానికి పగలూ రాత్రీ తిరిగే కాపలావాళ్ళ జీతాలూ వాళ్ళే కట్టారు. అమ్ముకుందామంటే కొనేవాళ్ళకి బ్యాంకు లోన్ రాలేదు.

2022లో బిల్డింగ్ సేఫ్టీ యాక్ట్ వచ్చింది. బిల్డింగు కనీసం 11 మీటర్లో, 5 అంతస్తులో ఉండాలి. 2022 ఫిబ్రవరి 14న ఆ ఫ్లాట్ అప్పటి ఓనరు సొంత నివాసమై ఉండాలి, లేదా ఆయనకి యూకేలో మొత్తం మూడు ఇళ్ళకి మించి ఉండకూడదు. అలాంటి లీజుకి క్లాడింగ్ ఖర్చు వెయ్యకూడదు. ఆ రక్షణ లీజుతోపాటు కొన్నవాళ్ళకీ వస్తుంది.

మెలిక ఇక్కడే ఉంది. మీరు మంచివాళ్ళా, ఒకే ఇల్లు కొంటున్నారా అన్నది లెక్కలోకి రాదు. ఆ రోజు ఓనరు ఎవరు, ఆయనకి ఎన్ని ఇళ్ళు అన్నదే లెక్క. 11 మీటర్లూ లేని, 5 అంతస్తులూ లేని బిల్డింగులకైతే ఈ రక్షణే లేదు.

అందుకని మూడు అడగండి. బిల్డింగు ఎత్తెంత? ఈడబ్ల్యూఎస్ 1 ఫారం ఉందా, అందులో ఏం రాశారు? లీజ్‌హోల్డర్ డీడ్ ఆఫ్ సర్టిఫికెట్ ఉందా? జవాబులు సొలిసిటర్‌కి చూపించండి. కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా వెనక్కి తగ్గొచ్చు, మొహమాటపడొద్దు.

సైట్‌లో పనిచేసే తమ్ముళ్ళకి ఒక మాట. బారియర్ పెట్టకుండా ప్యానెల్ మూసెయ్యమంటే, ఫోటో తీసి రాతపూర్వకంగా పైవాళ్ళకి చెప్పండి. మూసేశాక అది ఎవరికీ కనపడదు. ఆ గోడ వెనక పడుకునేది మనలాగే అప్పు చేసి ఇల్లు కొనుక్కున్నవాళ్ళు.

ఉంటానండీ, జాగ్రత్త.