సెలూన్‌లో బీపీ మాత్ర

అమెరికాలో నల్లజాతివారిలో రక్తపోటు ఎక్కువ, అది అదుపులో ఉండేది తక్కువ మందికే. మగవాళ్లలో చాలామంది డాక్టరు గడప తొక్కరు. కానీ తప్పకుండా వెళ్లే చోటు ఒకటుంది, సెలూన్. అందుకే లాస్ ఏంజెలిస్‌లో డాక్టర్ రొనాల్డ్ విక్టర్ బృందం ఫార్మసిస్టులనే సెలూన్లకు పంపింది. మొత్తం 52 సెలూన్లు, 319 మంది ఖాతాదారులు, రెండు గుంపులు. ఒక గుంపులో ఫార్మసిస్టు అక్కడే బీపీ చూసి, డాక్టర్లతో ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం మందు రాసి, మోతాదు సరిచేసేవారు. 2018లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల్లో ఆ గుంపువారి బీపీ పై అంకె సగటున 27 పాయింట్లు తగ్గింది. క్షురకుల సలహా మాత్రమే అందిన రెండో గుంపులో తగ్గింది 9 పాయింట్లే. ఎంత తేడానో చూడండి! వాడినవి మాత్రం ఆమ్లోడిపిన్ లాంటి పాత మాత్రలే.