గుంపులు, బారులు

మన భాషలో గొఱ్ఱెలది మంద, మిడతలది దండు, కోతులది మూక, కొంగలది బారు. గొఱ్ఱెల దండు అని గాని, మిడతల మంద అని గాని అన్నచో పసిపిల్లలు సైతము నవ్వుదురు. కాపరి యున్నచోట మంద యుండును. పొలము మీదికి దండెత్తి వచ్చునది దండు. మూక యను మాటలో కోతులపై మనకు గల విసుగు వినబడుచునే యున్నది. బారు మాత్రము ఆకారమును చూచి పెట్టిన పేరు. ఈ మాట యొద్దకు మరల వచ్చెదను.

సంస్కృతమున ఈ పేర్లు మరింత క్రమముగ ఏర్పడినవి. అమరసింహుడు పావురముల గుంపును కాపోతమనియు, చిలుకల గుంపును శౌకమనియు, నెమళ్ల గుంపును మాయూరమనియు చెప్పినాడు. ఆయన నిఘంటువులోనే పశువుల గుంపు సమజము, తక్కినవారి గుంపు సమాజము. నడుమ నున్న భేదమంతయు ఒక్క దీర్ఘమే! కొన్ని సభలను చూచినప్పుడు ఆ దీర్ఘము నిలుచునా యని సందేహము కలుగును.

ఇంగ్లండులో 1486లో సెయింటు ఆల్బన్సు పట్టణమున అచ్చయిన వేట గ్రంథము ఇట్టి పేర్ల పట్టికకు ప్రసిద్ధమైనది. ఇంగ్లీషులో కాకుల గుంపునకు 'హత్య' యని పేరు. స్టార్లింగు పిట్టల గుంపునకు 'మర్మరేషను', అనగా గుసగుస. మన మర్మరధ్వనికి చెవికి దగ్గరగా నున్న మాటయే. స్టార్లింగు మన గోరువంకకు దాయాది.

రోము నగరమున శీతకాలపు సాయంకాలములందు ఈ పిట్టలు లక్షల సంఖ్యలో చెట్లపై విశ్రమింప వచ్చును. వాలుటకు ముందు, నల్లని వస్త్రమును ఎవరో విసరి, మడచి, మరల విప్పుచున్నట్లు ఆకాశమున తిరుగును. డేగ దూకినంతనే ఆ వస్త్రము చీలును. అది దాటిపోగానే అతుకుకొనును. ఈ ఆజ్ఞ యెవ్వరిది? పంచతంత్రములో వల చిక్కిన పావురములకు చిత్రగ్రీవుడను రాజున్నాడు. అతని మాటపై అన్నియు ఒక్కసారి లేచి వలతో కూడ ఎగిరిపోయినవి. ఎడ్మండు సెలూసు అను ఆంగ్ల పరిశీలకుడు రాజెక్కడను కానరాక, ఒక పిట్ట తలపు మరొకదానికి నేరుగా ప్రసరించునేమో యని 1931లో ఒక గ్రంథమే వ్రాసెను. రేడియో వచ్చిన కొత్తలో అట్టి ఊహ కలుగుట వింత కాదు.

రోములోని భౌతికశాస్త్రజ్ఞులు, 2021లో నోబెలు బహుమతి పొందిన జార్జియో పరీసీ వారిలో ఒకరు, మేడపై కెమెరాలు నిలిపి ఒక్కొక్క పిట్ట స్థానమును లెక్కించిరి. ప్రతి పిట్టయు తన చుట్టునున్న ఆరేడింటిని మాత్రమే గమనించుచున్నదని 2008లో ప్రకటించిరి. ఇందు కీలకము సంఖ్యయే గాని దూరము గాదు. ఇన్ని గజముల లోపలివానినే గమనింతునన్న పిట్ట, డేగ దెబ్బకు గుంపు పలుచబడగానే ఒంటరిదగును. ఆరేడింటిని విడువని పిట్టకు అవి ఎంత ఎడమైనను తోడుగనే యుండును.

ఈ రక్షణ ఊరక రాదు. పావురముల వీపున చిన్న యంత్రములు కట్టి చూడగా, దట్టమైన గుంపులో ఎగురునది రెక్కలను మరింత వేగముగ ఆడింపవలసి వచ్చుచున్నదని 2011లో తేలినది. ప్రాణభయముననే పక్షి ఆ శ్రమకు ఓర్చును. గుంపు చెదరిన ఏమగునో అమెరికాలో చూచినారు. ప్యాసింజరు పావురములు ఒకనాడు వందల కోట్లుండెడివి. వేటగాండ్రు చంపగా మిగిలినవి వేలకు దిగినప్పుడు వానిని కాపాడుటకు వెనుకటి సంఖ్యాబలము లేకపోయినది. చివరిది 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మరణించెను.

బారు సంగతి వేరు. ఎగురు పక్షి రెక్కల కొనలకు వెలుపల గాలి పైకి లేచును. వెనుక పక్షి కొంచెము ప్రక్కకు జరిగి ఆ గాలిపై తన రెక్క నానించినచో శ్రమ తగ్గును. సెనెగలు దేశపు గూడబాతులు బారులో ఎగురునప్పుడు వాని గుండె నెమ్మదిగ కొట్టుకొనుచున్నదని 2001లో కొలిచి చెప్పిరి. ముందున్న దానికి ఈ లాభము లేదు. అందుకే ఐబిసు కొంగలు వంతులవారీగ ముందుకు వచ్చుచున్నవని 2015లో వెల్లడియైనది. గుంపులో పక్షి శ్రమను చెల్లించి ప్రాణము కొనుక్కొనును; బారులో శ్రమనే ఆదా చేసికొనును. మన వారు రెండింటికి రెండు మాటలుంచుట ఎంతయు సమంజసము.

సూళ్లూరుపేట సమీపమున నేలపట్టు చెఱువునకు శీతకాలమున గూడబాతులు గూళ్లు కట్ట వచ్చును. ఆ వైపు పోవు శ్రోతలు బారు తలపైకి వచ్చినప్పుడు మొదటి పక్షిని చూడుడు. అది కొన్నిమార్లు రెక్కలాడించి, చాచి ఊరకుండును. వెంటనే రెండవది, ఆపై మూడవది, అట్లే చివరివరకు.